శనివారం సాయంత్రం లేనిదెవరు

రాజన్న బట్టల మూట గుమ్మం అవతల ఉంది. దాన్ని అక్కడ పెట్టింది రాజన్న కాదు, మా ఆయన మహేష్.

"సాయంత్రం పాలు పిండే యాళ్లకు నువ్వు ఈ గల్లీల కనవడొద్దు" అన్నాడు మహేష్.

రాజన్న బర్రెల కొట్టం ముందు రాయి మీద కూర్చున్నాడు. పన్నెండేళ్లుగా మా ఇంట్లో పాలు పిండుతున్న మనిషి. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదు. నిన్నటి నుంచి ఒకటే మాట.

"సూది నేనియ్యలే."

"మరి గడ్డిల సిరంజి యాడికెల్లి వచ్చింది? నడుసుకుంట వచ్చిందా?"

"నాకు తెల్వదు మహేష్ భాయ్."

"నీకు తెల్వదు. నాకు తెల్వదు. మల్లి తనకు తానే పొడుచుకున్నదా ఏంది?"

మల్లి అంటే మా పెద్ద బర్రె. తన పేరు వినబడగానే చెవి ఒకటి ఇటు తిప్పింది. దాని తొడ మీద సూదులు గుచ్చిన చోట నిమ్మకాయంత వాపు ఇంకా తగ్గలేదు.

నిన్న పొద్దున మా అత్త లలితమ్మ గడ్డిమోపు విప్పుతుంటే సిరంజి జారిపడింది. అప్పుడు పాల కోసం తొమ్మిది మంది గిన్నెలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. అందరూ చూశారు. కార్వాన్‌లో మా ఇంటికి ఉన్న పేరు ఒక్కటే. గిన్నె మీరే తెచ్చుకోండి, మీ కళ్ల ముందే పిండుతాం, నీళ్లు లేవు, సూది లేదు. బర్రె పాలు వదలాలని పొడిచే ఆ మందును మా మామ లక్ష్మయ్య నలభై ఏళ్లుగా గడప తొక్కనివ్వలేదు. అలాంటి ఇంట్లో సిరంజి.

వరసలో మొదట నిలబడే పెద్దాయన ముప్పై ఏళ్ల గిరాకీ. ఖాళీ గిన్నెను చంకలో పెట్టుకుని, "తుమ్హారే సే యే ఉమ్మీద్ నై థీ లక్ష్మయ్య భాయ్" అని, నీ నుంచి ఇది ఊహించలేదంటూ వెళ్లిపోయాడు. మా మామ అప్పటి నుంచి వాకిట్లో మంచం దిగలేదు.

సాయంత్రంలోగా దొంగ ఇల్లు వదలాలి, లేకపోతే ఇక మీద మా పాలు ఎవరూ నమ్మరు. ఇది మహేష్ వాదన. దొంగ రాజన్నే అని అందరం అనుకున్నాం. నేనూ అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, నిన్నంతా అతను ఎటు తిరిగితే అటే నా చూపు తిరిగింది. అతను మంచినీళ్లకు లోపలికి వస్తే జేబుల వైపు చూశాను. ఇంట్లో మనిషిని మనిషి చూసే చూపు మారిపోయింది. మా అత్త నన్ను కూడా అలాగే చూస్తోంది, అది వేరే సంగతి.

లొల్లిలో ఆశ్రితను బడికి పంపలేదు. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టి పోయాడు. ఆరున్నరేళ్ల మా అమ్మాయి వంటింట్లో బియ్యం డబ్బా మీద కూర్చుని కాళ్లు ఊపుతోంది. నేను వంకాయలు కోస్తున్నాను.

"మమ్మీ, రాజన్న మామను ఎందుకు ఎల్లగొడుతున్రు?"

"మల్లికి సూది ఇచ్చిండని."

"ఆయన ఇయ్యలే."

"నువ్వు చూసినవా?"

"చూడలే. చూడకున్నా తెలుస్తది కదా."

నాకు నవ్వొచ్చింది. ఈ పిల్ల మాటలు ఇలాగే ఉంటాయి. పోయిన నెల మా అత్త "అబద్ధమాడితే కడుపునొప్పి లేస్తది" అని భయపెడితే, "అయితే నీకు రోజూ ఎందుకు లేస్తది నానమ్మా?" అని అడిగింది. ఆ పూట మా అత్త తప్ప అందరం పొట్ట పట్టుకుని నవ్వాం.

"ఎట్ల తెలుస్తదో చెప్పు చూస్తా" అన్నాను.

"నిన్న డాక్టర్ అంకుల్ ఏమన్నడు? సూది అలవాటైన బర్రె, సూది ఇచ్చిన పూట పాలిస్తది, ఇయ్యని పూట ఇయ్యదు. అన్నడా లేదా?"

"అన్నడు." పశువుల డాక్టరు వాపు చూసి అందరి ముందే చెప్పిన మాట అది. రెండు నెలలుగా పడుతున్నట్టుంది, రెండు పూటలా పడుతున్నట్టుంది అని కూడా అన్నాడు.

"శనివారం సాయంత్రం మల్లి పాలిచ్చిందా?"

"ఐదు లీటర్లు ఇచ్చేది రెండే ఇచ్చింది."

"అయితే ఆ పూట సూది ఇచ్చినట్టా, ఇయ్యనట్టా?"

నా చేతిలో కత్తి ఆగింది. "ఇయ్యనట్టు."

"రాజన్న మామ శనివారం ఇంట్లనే ఉన్నడు. ఇచ్చెటోడే ఇంట్ల ఉంటే ఎందుకు ఇయ్యలే?"

మేం పెద్దవాళ్లం నలుగురం ఆ శనివారాన్ని మరోలా చూశాం. తను లేనిది చూసి రాజన్న సగం పాలు బయట అమ్ముకున్నాడని మహేష్ అంటే, అవునని తలలూపాం. సూదీ అతనిదే, దొంగతనమూ అతనిదే. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని ఒక్కరికీ తోచలేదు.

అయినా పిల్లను ఊరికే వదలబుద్ధి కాలేదు. "మరిచిపోయిండేమో" అన్నాను.

"మరి బుధవారం? బుధవారం ఆయన ఊరికి పోయిండు కదా, వాళ్ల అక్కకు బాగలేదని. రెండు పూటలు డాడీనే పిండిండు. పాలు మస్తు వచ్చినయి. నేనే దగ్గరుండి చూసిన. అంటే ఆ దినం సూది ఇచ్చిన్రు. రాజన్న మామ ఊర్ల ఉండి ఇక్కడ మల్లికి ఎట్ల ఇస్తడు? చెయ్యి అంత పొడుగుంటదా?"

కత్తి పక్కన పడేసి పిల్లను ఎత్తుకున్నాను. బుగ్గలు పిండాను. నా ఆనందం నేను పట్టలేకపోయాను. మాదన్నపేట మార్కెట్‌లో కూరగాయలు అమ్మే మా నాయన, బర్రెలు మేపే మా మామ, వీళ్ల మధ్య ఈ బుర్ర ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలియదు గానీ, నా కడుపునే పుట్టింది. అది మాత్రం తెలుసు.

"మళ్లొక్కసారి చెప్పు బిడ్డా."

చెప్పింది. ఈసారి చేతులు తిప్పుతూ చెప్పింది. నాకు ఇంకోసారి వినాలనిపించింది. మళ్లీ చెప్పించుకున్నాను. మూడోసారి చెప్పి ఆగలేదు.

"ఇంక ఎవరో కనుక్కునుడు అల్కటి పని మమ్మీ. బుధవారం ఇంట్ల ఉండాలె. శనివారం సాయంత్రం ఉండొద్దు." ఐదు వేళ్లు చాచింది. "తాత శనివారం ఉన్నడు." ఒక వేలు ముడిచింది. "నానమ్మ ఉన్నది. నేనున్న." ఇంకా రెండు వేళ్లు ముడుచుకున్నాయి. "డాడీ లేడు. నువ్వు లేవు."

చూపుడువేలు, నడిమివేలు నా ముఖం ముందు నిలబడి ఉన్నాయి.

శనివారం మధ్యాహ్నం మా అమ్మ మోకాలి నొప్పికి నూనె రాయడానికి నేను మాదన్నపేట పోయాను. ఆదివారం పొద్దున వచ్చాను. మహేష్ అదే మధ్యాహ్నం గడ్డి కోసం చేవెళ్ల వైపు పోయి తెల్లవారి తిరిగొచ్చాడు.

పిల్ల నా వైపు చూసింది. ఆ చూపు నిన్న నేను రాజన్నను చూసిన చూపే.

"పాలు పిండే ముందట దాణా పెట్టేది నువ్వే కదా. మమ్మీ, నువ్వు ఇచ్చినవా?"

"లేదు."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

"అయితే డాడీ." బియ్యం డబ్బా మీద నుంచి ఇంత తేలిగ్గా అనేసింది.

గబుక్కున దాని నోరు మూశాను. నా చేతికి వంకాయ మరకలున్నాయని కూడా చూసుకోలేదు. నేను దాణా పెట్టి లోపలికి రాగానే మహేష్ కొట్టంలోకి వెళతాడు. దోమలకు పొగ పెడతానంటాడు. రాజన్న అప్పుడు బోరు దగ్గర క్యాన్లు కడుగుతుంటాడు. దసరాకు మహేష్ ఒక మిఠాయి దుకాణానికి పాలు పోస్తానని ఒప్పుకున్నాడు. మల్లి పాలు పెరిగింది కూడా దసరా నుంచే. మంచి దాణా పెడుతున్నాననే గొప్పలో నేనున్నాను.

"బిడ్డా, నేను చెప్పేది విను. తాత దగ్గరికి పోదాం. రాజన్న మామ బుధవారం లేడు, శనివారం ఉన్నడు, అందుకని ఆయన కాదు. గంత వరకే చెప్పు. ఏళ్లు ముడిచేది చెప్పకు."

"ఎందుకు?"

"వద్దంటే వద్దు."

"సగం చెప్తే తాత మిగిలింది అడుగుతడు."

"అడగడులే" అన్నాను. అడగకూడదని మొక్కుకున్నాను.

మేం వాకిట్లోకి వచ్చేసరికి రాజన్న మూట భుజాన వేసుకుని మా మామ ముందు నిలబడ్డాడు. "పోయొస్త కాకా" అంటున్నాడు. మా మామ ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. అత్త బియ్యం చేటలో రాళ్లు ఏరుతోంది. మహేష్ గేటు తెరిచి పట్టుకున్నాడు.

"ఆగు రాజన్నా" అన్నాను. "మామా, ఆశ్రిత ఏదో చెప్తదట. ఒక్కసారి ఇనండి."

"ఇప్పుడా?" అన్నాడు మహేష్. "పిల్ల ముచ్చట్లకు ఇదేనా టైం?"

మా మామ ఇటు తిరిగాడు. ఆ ముసలాయనకు మనవరాలంటే ప్రాణం. "చెప్పు బిడ్డా."

చెప్పింది. ఎక్కడా తడబడలేదు. డాక్టరు మాట, శనివారం, బుధవారం, పొడుగు చెయ్యి, అన్నీ చెప్పి నేను చెప్పిన చోట ఆగింది.

మా మామ రెండు చేతులూ చాచి పిల్లను మంచం మీదికి లాక్కున్నాడు. "ఇంతమంది పెద్దోళ్లం ఉండి ఏం జేసినం? పన్నెండేండ్ల మనిషిని బజార్ల పెట్టినం. రాజన్నా, మూట దించు."

రాజన్న మూట దించలేదు. అలాగే నిలబడి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాకు గుండె నిండిపోయింది. పని అయింది, అతని బతుకు నిలబడింది, ఇక మిగిలింది రాత్రికి మా ఆయనతో నేను తేల్చుకుంటాను అనుకున్నాను.

మహేష్ నవ్వాడు. గేటు వదిలి వచ్చి పిల్ల తల నిమిరాడు.

"నా బిడ్డకు మస్తు తెలివి. ఎవరు నేర్పిన్రురా ఇదంత?"

"ఎవ్వరు నేర్పలే. నేనే."

"అబ్బో. ఇందాక లోపల మమ్మీతోని చెప్పినవా మరి?"

"ఆ. మూడుసార్లు చెప్పిచ్చింది."

మహేష్ తలెత్తి మా మామ వైపు చూశాడు. "ఇన్నవా బాపు? మూడుసార్లు చెప్పిచ్చిందట. బట్టీ కొట్టిచ్చి తోలుకొచ్చింది."

నేను ముద్దుకు చెప్పించుకున్నానని ఎవరికి చెప్పను? చెబితే ఎవరు నమ్ముతారు? అత్త చేట కింద పెట్టింది.

"ఇంకేమన్నది మీ మమ్మీ?" అని అడిగింది పిల్లను.

ఆశ్రిత నా వైపు చూసింది. అబద్ధమాడటం దానికి రాదు, నేనే రానివ్వలేదు. "సగమే చెప్పమన్నది."

మల్లి గడ్డి నమిలే చప్పుడు వినిపించింది.

"మిగిలిన సగమేంది అఖిలా?" అన్నాడు మా మామ. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అరుదు. ఎప్పుడూ బిడ్డా అనే పిలుస్తాడు.

ఒక్క మాటతో ఆపేయొచ్చు. ఏం లేదు మామా, పిల్ల ఏదో అంటోంది అంటే సరిపోతుంది. అప్పుడు బట్టీ కొట్టించానన్న మాట నిలబడుతుంది. రాజన్న మూట భుజం మీదే ఉంది.

"చెప్పు ఆశ్రితా" అన్నాను. "ఏళ్లు ముడిచి చెప్పు."

చెప్పింది. మూడు వేళ్లు ముడుచుకున్నాయి. రెండు మిగిలాయి. "డాడీ, మమ్మీ" అని ఒక్కో వేలూ ఊపి చూపించింది.

"గదీ సంగతి" అన్నాడు మహేష్. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రోజూ పిండే ముందు దాణా పట్టుకొని మల్లి దగ్గరికి పోయేదెవరు? నేనా? శనివారం పుట్టింటికి పోయిందెవరు? తన పేరు బయటికొస్తదని సగమే చెప్పుమన్నది."

"నీ పేరు కూడ వచ్చింది కదా" అన్నాను.

"నా బర్రెకు నేనెందుకు పొడుస్తనే?"

"నేనెందుకు పొడుస్త?"

"పాలెక్కువైతే నీ చేతి దాణా మహిమని అందరికి చెప్పుకున్నవ్ కదా. గల్లీ గల్లీ చెప్పుకున్నవ్."

చెప్పుకున్న మాట నిజమే. అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది. "గందుకేనా నిన్నటి సంది నీ ముఖంల నెత్తురు చుక్క లేదు?" అంది. రాజన్న కూడా నా వైపే చూస్తున్నాడు. అతని కోసం నోరు విప్పినదాన్ని, అతను కూడా అనుమానించాడనుకున్నాను. అది నన్ను మండించింది.

మహేష్ ఎవరి వైపూ చూడటం లేదు. పిల్ల రెండు వేళ్లు ఇంకా అలాగే పైకి ఉంటే, వాటిని తన చేత్తో మెల్లగా ముడిచాడు.

ఆ చెయ్యి చూస్తుంటే నాకు తెలిసింది ఏం అడగాలో. రోజూ పొద్దున ఆ చెయ్యి తెచ్చే వస్తువొకటి ఉంది.

"ఒక్కటి అడుగుతా, చెప్పు" అన్నాను. "మూడు బర్రెలున్న ఇంట్ల పిల్లకు ప్యాకెట్ పాలెందుకు తెస్తున్నవ్? దసరా పోయినప్పటి సంది ఒక్క దినం మల్లి పాలు దానికి తాగనియ్యలే."

మహేష్ నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "దానికి దగ్గని తెస్తున్నడు. బర్రె పాలు తాగితే కఫం పట్టుకుంటదని నాతోని చెప్పిండు. తండ్రి పానం కాదా?"

"దగ్గా అత్తమ్మా? నాతోని అట్ల చెప్పలే. చిక్కటి పాలు దానికి అరగవన్నడు."

అత్త నా వైపు చూసి, కొడుకు వైపు తిరిగింది. "ఏందిరా?"

"రెండూ..." అన్నాడు మహేష్. "రెండూ ఉన్నయి. దగ్గు కూడ, అరగకపోవుడు కూడ."

"నాకు దగ్గు రాలే నానమ్మా" అంది ఆశ్రిత. "నాతోని ఇంకోటి చెప్పిండు డాడీ. మల్లి పాలన్నీ దాని బిడ్డ దుడ్డెకే కావాలె, మనం తాగితే పాపం అన్నడు." ఆగి, మా మామ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "కానీ మిఠాయి దుకాణపోళ్లకు అవే పాలు పోస్తున్నం కదా తాతా. మరి నాకొక్కదానికే ఎందుకు వద్దు?"

గిన్నె పట్టుకుని వచ్చే ప్రతి ఇంట్లోనూ పిల్లలున్నారు. వాళ్లకు సూది పాలు పోశాడు. తన కూతురికి మాత్రం పోయలేదు. మంచివాడో చెడ్డవాడో తేల్చుకోలేక మా ఆయన ముఖం చూశాను. చెవుల దాకా ఎర్రబడి ఉంది.

మా మామ పిల్లను పక్కన కూర్చోబెట్టి మంచం దిగాడు. నిన్నటి నుంచి దిగని మనిషి. కొడుకు ముందుకు వచ్చి చెయ్యి చాచాడు.

"బండి తాళంచెయ్యి ఇటియ్యి."

"ఎందుకు బాపు?"

"మందు దాచినవేమో డిక్కీ చూస్త. ఏం లేకుంటే నీ కాళ్లు పట్టుకుంట. ఇయ్యి."

మహేష్ జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి తీసి తండ్రి చేతిలో పెట్టేశాడు. చూసుకో పో అన్నట్టు గేటు వైపు తల ఎగరేశాడు. ఇంత తేలిగ్గా ఇస్తాడని నేను అనుకోలేదు. డిక్కీలో ఏమీ దొరకకపోతే ఈ ఇంట్లో మిగిలే వేలు నాదే.

మా మామ రెండడుగులు వేశాడు.

"బండిల ఉండదు కాకా" అన్నాడు రాజన్న.

అందరం అతని వైపు తిరిగాం. నిన్నటి నుంచి తనకు తెలియదన్న మనిషికి మందు ఎక్కడుందో తెలుసు. అతను మూట భుజం మీద నుంచి దించి, నేల మీద పెట్టి, దాని ముడి సరిచేసుకున్నాడు. తర్వాత తలెత్తి మా ఆయన ముఖంలోకి చూశాడు.

"నువ్వు చెప్తవా మహేష్ భాయ్, నన్ను చెప్పమంటవా?"